ప్రోటీన్‌లో నీటికి తగిలేది ఎంత? ‘సాసా’ కొలత, దాన్ని చదివే పద్ధతి

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఆరోది గ్లుటామిక్ ఆమ్లం. ఆ ఒక్క చోట వాలీన్ వచ్చి చేరితే సికిల్‌సెల్ హిమోగ్లోబిన్ తయారవుతుంది. ఈ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన పిల్లల్లో, ఆక్సిజన్‌ను వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. ఎర్రరక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుపోతుంది.

మన దేశంలో ఈ వ్యాధి భారం ఎక్కువగా గిరిజన సమాజాల మీద ఉంది. 2047 నాటికి దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్న లక్ష్యంతో 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్‌సెల్ అనీమియా నిర్మూలన మిషన్ మొదలైంది. ముందుగా దృష్టి పెట్టిన 17 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

వ్యాధి మూలాన్ని అణువు స్థాయిలో వెతికితే ఒక మామూలు ప్రశ్న ఎదురవుతుంది. ఆ ఆరో స్థానం ప్రోటీన్ లోపల ఉందా, బయట ఉందా? బయటే ఉంది. నీటితో పొసగని వాలీన్ నీటికి ఎదురుగా నిలబడటంతోనే కథ మొదలవుతుంది.

‘లోపల’, ‘బయట’ అనే మాటలను అంకెల్లోకి మార్చే కొలత ఒకటుంది. దాని పేరు ద్రావణికి అందే ఉపరితల వైశాల్యం. ఇంగ్లిష్ పేరులోని తొలి అక్షరాలను కలిపి పరిశోధకులు దీన్ని ‘సాసా’ అంటారు. జీవరసాయన శాస్త్రం, ఫార్మసీ, బయోఇన్ఫర్మాటిక్స్ చదివే విద్యార్థులు పైమోల్, కైమెరాఎక్స్, వీఎండీ వంటి సాఫ్ట్‌వేర్లలో దీన్ని క్షణాల్లో లెక్కిస్తున్నారు. అయితే ప్రశ్న తప్పుగా అడిగినా సాఫ్ట్‌వేర్ ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెకు అర్థం ఉండాలంటే మూడు విషయాలు తేలాలి: కొలిచింది ఏ ఉపరితలాన్ని, చుట్టూ ఎవరిని ఉంచి కొలిచారు, మొత్తం ఎంతలో అది ఎంత.

లోపల, బయట తేడా ఎందుకు?

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరుసగా గుచ్చిన గొలుసు. కణంలోని నీటిలో అది తనంతట తాను ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. వాలీన్, లూసిన్, ఫినైల్ అలనీన్ వంటి వాటి పక్క గొలుసులు నూనె స్వభావం ఉన్నవి. వీలైనంత వరకు అవి లోపలికి చేరతాయి. విద్యుదావేశం ఉన్న గ్లుటామిక్ ఆమ్లం, లైసీన్ వంటివి నీటికి ఎదురుగా బయట ఉంటాయి. ప్రోటీన్ ముడత నిలబడటానికి నూనె స్వభావం ఉన్న భాగాలు నీటిని తప్పించుకోవడమే ప్రధాన కారణమని వాల్టర్ కౌజ్‌మన్ 1959లో వాదించారు.

ప్రోటీన్ల నిర్మాణాలు ఎక్స్‌రే ద్వారా కంటికి కనిపించడం మొదలయ్యాక ఈ వాదనకు బలం వచ్చింది. మయోగ్లోబిన్, హిమోగ్లోబిన్ కుటుంబంలోని ప్రోటీన్లను పోల్చి చూసిన మాక్స్ పెరుట్జ్, జాన్ కెండ్రూ, హెర్మన్ వాట్సన్ 1965లో ఒక క్రమాన్ని గుర్తించారు. జాతిని బట్టి అమైనో ఆమ్లాలు మారుతున్నా, లోపలి స్థానాల్లో మాత్రం నూనె స్వభావం ఉన్నవే కొనసాగుతున్నాయి.

1968లో పెరుట్జ్, హెర్మన్ లేమన్ కలిసి అప్పటికి తెలిసిన మానవ హిమోగ్లోబిన్ మార్పులన్నిటినీ నిర్మాణం మీద గుర్తించి చూశారు. బయటి ఉపరితలం మీద జరిగిన మార్పుల్లో ఎక్కువ భాగం హాని లేనివి. లోపలి స్థానాల్లో, హీమ్ చుట్టూ, గొలుసులు కలిసే చోట జరిగిన మార్పులు వ్యాధికి దారితీస్తున్నాయి. సికిల్‌సెల్ ఈ క్రమానికి పెద్ద మినహాయింపు. మార్పు బయటే ఉన్నా నష్టం తీవ్రం. దక్షిణ భారతంలో నీలగిరి కొండల గిరిజనుల్లో సికిల్‌సెల్ లక్షణాన్ని 1952లో మేరీ కట్‌బుష్‌తో కలిసి నివేదించింది కూడా ఈ లేమనే.

గోళీ దొర్లించే లెక్క

అప్పటికి లోపల, బయట అనేవి కంటితో చూసి చెప్పే మాటలే. వాటికి కొలత ఇచ్చింది యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్యుంగ్‌కూక్ లీ, ఫ్రెడరిక్ రిచర్డ్స్. 1971లో వచ్చిన వారి పత్రంలోని ఆలోచన తేలికగా అర్థమయ్యేదే.

ఒక సీతాఫలం మీద గోళీని దొర్లిస్తున్నట్టు ఊహించుకోవచ్చు. గోళీ కన్నుల మీదుగా సాగిపోతుంది, వాటి మధ్య ఉన్న సన్నని గాళ్లలోకి దిగలేదు. గోళీ బదులు ఆవగింజ తీసుకుంటే అది ఆ గాళ్లలోకి కూడా జారుతుంది. ప్రోటీన్ విషయంలో సీతాఫలం కన్నులు పరమాణువులు, దొర్లే గోళీ నీటి అణువు. నీటి అణువును 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసార్థం ఉన్న గోళంగా తీసుకోవడం ఆనవాయితీ. సెంటీమీటరులో పది కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. ఆ గోళం ప్రోటీన్‌ను తాకుతూ దొర్లుతున్నప్పుడు దాని కేంద్రం గీసే ఉపరితలమే సాసా. అది ఏ పరమాణువును తాకగలిగితే ఆ మేరకు ఆ పరమాణువు ‘బయట’ ఉన్నట్టు. అసలు తాకలేకపోతే లోపల కప్పబడి ఉన్నట్టు.

లీ, రిచర్డ్స్ ప్రోటీన్‌ను పలుచని పొరలుగా కోసి, ఒక్కో పొరలో బయటపడిన వంపుల పొడవును కూడారు. 1973లో ష్రేక్, రప్లీ మరో దారి చూపారు. ప్రతి పరమాణువు వ్యాసార్థానికి 1.4 కలిపి గోళాన్ని పెద్దది చేస్తారు. దాని మీద సమానంగా చుక్కలు పెడతారు. వారు పెట్టినవి 92 చుక్కలు. పొరుగు పరమాణువుల పెద్ద గోళాల్లో మునిగిపోయిన చుక్కలను కొట్టేసి, మిగిలిన వాటిని లెక్కపెడతారు. 92లో 23 మిగిలితే ఆ గోళంలో నాలుగో వంతు నీటికి అందుతున్నట్టు. నేటి సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఈ రెండు పద్ధతుల్లో ఒకదాన్నే వాడుతున్నాయి. చుక్కలు పెంచితే ఖచ్చితత్వం పెరుగుతుంది, సమయం కూడా పెరుగుతుంది.

ఏ ఉపరితలం?

ఒకే ప్రోటీన్‌కు కనీసం మూడు రకాల ఉపరితలాలు చెప్పుకోవచ్చు. పరమాణువులను గోళాలుగా పేర్చినప్పుడు కనిపించే బయటి తలం మొదటిది. దీన్ని వాన్ డెర్ వాల్స్ ఉపరితలం అంటారు. దొర్లే నీటి గోళం బయటి అంచు తాకే తలం రెండోది. పరమాణువుల మధ్య గాళ్లను ఇది నున్నగా పూడ్చినట్టు చూపిస్తుంది. 1983లో దీన్ని లెక్కించే పద్ధతిని అందించిన మైఖేల్ కొనోలీ పేరుతో దీన్ని కొనోలీ ఉపరితలం అని కూడా పిలుస్తారు. తెరపై అందంగా కనిపించే ప్రోటీన్ బొమ్మల్లో తరచుగా ఉండేది ఇదే. మూడోది నీటి గోళం కేంద్రం గీసే తలం, అంటే సాసా.

మూడూ దగ్గర దగ్గరగా ఉంటాయిలే అనుకుంటే పొరపాటు. ఒంటరి కార్బన్ పరమాణువునే తీసుకుందాం. దాని వ్యాసార్థం 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకుంటే వాన్ డెర్ వాల్స్ ఉపరితలం సుమారు 36 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. 1.4 కలిపి 3.1 వ్యాసార్థంతో లెక్కిస్తే సాసా సుమారు 121. ఒకే పరమాణువు, కానీ అంకె మూడు రెట్లకు పైగా మారింది. రెండు పత్రాల్లోని అంకెలను పోల్చే ముందు అవి ఒకే ఉపరితలానివో కాదో చూడాల్సింది ఇందుకే.

1.4 అనే అంకె కూడా ఎంపికే. ప్రశ్న నీటి గురించి అయితే అది సరిపోతుంది. ఒక ప్రతిరక్షకం ఆ చోటుకు చేరుకోగలదా అన్నది ప్రశ్న అయితే అంతకంటే చాలా పెద్ద గోళం కావాలి. ఆవగింజ దిగిన గాడిలోకి గోళీ దిగదు.

సాఫ్ట్‌వేర్‌లో ఎలా కొలుస్తారు?

వారెన్ డిలానో 2000 సంవత్సరంలో విడుదల చేసిన పైమోల్‌లో ఈ పనికి ‘గెట్ ఏరియా’ అనే ఆదేశం ఉంది. కొత్తవారు మొదట దెబ్బతినేది ఇక్కడే. ‘డాట్ సాల్వెంట్’ అనే సెట్టింగ్ మొదట ఆపి ఉంటుంది. దాన్ని 1 చేయకుండా ఆదేశం ఇస్తే, నీటి గోళాన్ని కలపని ఉపరితలం వస్తుంది. అంకె వస్తుంది, కానీ అది సాసా కాదు. పైమోల్‌లో పని వరుస ఇలా ఉంటుంది:

1. నిర్మాణాన్ని తెరిచి, నీటి అణువులను తీసేయాలి. స్ఫటికంలో గుర్తించిన నీటి అణువులు అలాగే ఉంటే అవి కూడా పరమాణువులుగా లెక్కలోకి వచ్చి ప్రోటీన్‌ను కప్పేసే ప్రమాదం ఉంది.

2. డాట్ సాల్వెంట్‌ను 1 చేయాలి. నీటి గోళం వ్యాసార్థం 1.4 ఉందో లేదో ‘సాల్వెంట్ రేడియస్’ సెట్టింగ్‌లో చూసుకోవాలి.

3. చుక్కల సాంద్రతను నిర్ణయించే ‘డాట్ డెన్సిటీ’ని పెంచాలి. ఇది 0 నుంచి 4 వరకు ఉంటుంది, మామూలుగా 2 దగ్గర ఉంటుంది. 3 లేదా 4 పెడితే ఫలితం మరింత నిలకడగా వస్తుంది.

4. కావలసిన అమైనో ఆమ్లాన్ని ఎంచుకుని గెట్ ఏరియా ఇవ్వాలి. ‘లోడ్ బి’ అనే ఐచ్ఛికాన్ని 1 చేస్తే ఒక్కో పరమాణువు వైశాల్యం నిర్మాణంలోని బి విలువల స్థానంలో చేరుతుంది. అప్పుడు రంగులతో కూడా చూపించవచ్చు.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. పైమోల్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మాత్రమే ఎంచుకున్నా, అదే ఆబ్జెక్ట్‌లో ఉన్న మిగతా పరమాణువులన్నీ పొరుగువారిగా లెక్కలో ఉంటాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన వీఎండీ పద్ధతి వేరు. అందులో ‘మెజర్ సాసా’ ఆదేశానికి ఏ పరమాణువులను ఇస్తే అవే ప్రపంచం. ఒక్క అమైనో ఆమ్లాన్ని ఇస్తే చుట్టూ ప్రోటీన్ లేనట్టే, దాన్ని నీటిలో ఒంటరిగా వదిలినట్టు లెక్కిస్తుంది. మొత్తం ప్రోటీన్‌ను ఇచ్చి, ‘రిస్ట్రిక్ట్’ అనే ఐచ్ఛికంలో ఆ అమైనో ఆమ్లాన్ని చెబితేనే అసలు జవాబు వస్తుంది. వినడానికి ఒకేలా ఉన్న ప్రశ్నకు ఒక సాఫ్ట్‌వేర్ ‘లోపల ఉంది’ అని, మరొకటి ‘పూర్తిగా బయట ఉంది’ అని చెప్పడానికి ఇది చాలు.

కైమెరాఎక్స్‌లో కూడా మెజర్ సాసా ఉంది. రెండు గొలుసులు కలిసే చోట కప్పబడిన వైశాల్యాన్ని నేరుగా ఇచ్చే ‘మెజర్ బరీడ్ ఏరియా’ దీనికి తోడు. బొమ్మ అవసరం లేకుండా వందల నిర్మాణాలను ఒకేసారి లెక్కించాలనుకునేవారు ఫ్రీసాసా వంటి సాధనాలను వాడతారు. 1983లో కాబ్ష్, శాండర్ రూపొందించిన డీఎస్ఎస్‌పీ ప్రోగ్రామ్ కూడా ప్రతి అమైనో ఆమ్లానికీ ఈ వైశాల్యాన్ని ఒక నిలువు వరుసలో ఇస్తుంది.

ఎంతలో ఎంత?

ఒక అమైనో ఆమ్లం సాసా 40 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు అని తెలిస్తే, అది లోపల ఉందా, బయట ఉందా? ఆ ఒక్క అంకెతో చెప్పలేం. గ్లైసీన్‌కు పక్క గొలుసే లేదు, ఉన్న దేహం చిన్నది. ట్రిప్టోఫాన్ చాలా పెద్దది. అందుకే ఆ అమైనో ఆమ్లం పూర్తిగా బయటపడితే గరిష్ఠంగా ఎంత వస్తుందో తెలుసుకుని, దానితో భాగిస్తారు. దీన్ని సాపేక్ష సాసా అంటారు.

గరిష్ఠ విలువల కోసం పాత పద్ధతిలో ఆ అమైనో ఆమ్లానికి అటొక గ్లైసీన్, ఇటొక గ్లైసీన్ పెట్టి మూడింటి ముక్కను కొలిచేవారు. ఆ పట్టికలతో భాగించినప్పుడు కొన్నిసార్లు 100 శాతం దాటిపోయేది. 2013లో టియన్, సహచరులు సవరించిన పట్టిక ప్రకారం గ్లైసీన్ గరిష్ఠం 104, వాలీన్‌కు 174, గ్లుటామిక్ ఆమ్లానికి 223, ట్రిప్టోఫాన్‌కు 285. ఈ లెక్కన 40 అనే అంకె గ్లైసీన్‌లో 38 శాతం, ట్రిప్టోఫాన్‌లో 14 శాతం. మొదటిది బయట ఉన్నట్టు, రెండోది చాలావరకు లోపల ఉన్నట్టు.

20 లేదా 25 శాతం దాటితే బయట ఉన్నట్టు, 5 శాతం లోపు అయితే పూర్తిగా లోపల ఉన్నట్టు పరిగణించడం తరచుగా కనిపిస్తుంది. ఇది వాడుక మాత్రమే, ప్రకృతి గీసిన గీత కాదు. 24 శాతం వచ్చిన అమైనో ఆమ్లానికి, 26 శాతం వచ్చినదానికి మధ్య జీవశాస్త్రపరంగా గోడేమీ లేదు.

ఒకే వాలీన్, రెండు అంకెలు

సికిల్‌సెల్ హిమోగ్లోబిన్ దగ్గరకు తిరిగి వస్తే, చుట్టూ ఎవరిని ఉంచి కొలిచారన్న ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

మామూలు హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులు కలిసి 574 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ప్రోటీన్ డేటా బ్యాంకులో 2హెచ్‌హెచ్‌బీ అనే సంకేతంతో ఉన్న నిర్మాణం ఆక్సిజన్ లేని మామూలు హిమోగ్లోబిన్‌ది. 1997లో వెలువడిన 2హెచ్‌బీఎస్ సికిల్‌సెల్ హిమోగ్లోబిన్‌ది. ఈ రెండో దాని ఫైల్‌లో నాలుగేసి గొలుసులున్న హిమోగ్లోబిన్ అణువులు రెండు ఉంటాయి. రోగి రక్తకణంలో ఏర్పడే పోగులో అణువులు జంట వరుసగా పేర్చుకునే తీరును ఈ స్ఫటికం చూపిస్తుంది.

ఈ నిర్మాణంలో ఒక్క హిమోగ్లోబిన్ అణువును మాత్రమే వేరు చేసి బీటా గొలుసు ఆరో స్థానంలోని వాలీన్‌ను కొలిస్తే, అది బయట ఉన్నట్టు తెలుస్తుంది. పొరుగు అణువును కూడా ఉంచి కొలిస్తే, అణువుకు ఉన్న రెండు వాలీన్‌లలో ఒకదాని అంకె పడిపోతుంది. ఆ వాలీన్ పక్క అణువు బీటా గొలుసులో 85వ ఫినైల్ అలనీన్, 88వ లూసిన్ ఉన్న చిన్న గుంటలోకి దిగి ఉంటుంది. నూనె స్వభావం ఉన్న పక్క గొలుసుకు నూనె స్వభావం ఉన్న గుంట దొరికింది. రెండో బీటా గొలుసులోని వాలీన్ ఈ పక్క అతుకులో పాల్గొనదు.

మొదటి అంకె ఆ వాలీన్ ఎందుకు ప్రమాదకరమో చెబుతుంది. రెండో అంకె అది ఏం చేస్తుందో చెబుతుంది. రెండింటి తేడా అతుకులో కప్పబడిన మేర. ఉదాహరణకు విడిగా 120, జంటలో 20 వచ్చాయనుకుంటే, 174తో భాగించినప్పుడు 69 శాతం నుంచి 11 శాతానికి పడిపోయినట్టు. ఇవి లెక్క చూపించడానికి తీసుకున్న అంకెలే, అసలు అంకెలను ఎవరికి వారు కొలుచుకోవచ్చు.

ఇలా కొలిచేటప్పుడు ఫైల్‌లో ఉన్న రెండు అణువులతోనే సరిపెట్టుకోకూడదు. స్ఫటికంలో అటూ ఇటూ ఉండే పొరుగు అణువులను కూడా సౌష్ఠవ నియమాల ప్రకారం తెచ్చుకోవాలి. పైమోల్‌లో అలా తెచ్చుకున్నవి వేర్వేరు ఆబ్జెక్ట్‌లుగా వస్తాయి. వాటిని కలిపి ఒకే ఆబ్జెక్ట్‌గా చేస్తేనే గెట్ ఏరియా వాటిని పొరుగువారిగా గుర్తిస్తుంది. తెరపై పక్కపక్కనే కనిపించినంత మాత్రాన లెక్కలో పక్కన ఉన్నట్టు కాదు.

రెండు ప్రోటీన్ల మధ్య అతుకు మొత్తాన్ని కూడా ఇదే పద్ధతిలో కొలుస్తారు. మొదటిదాని సాసాకు రెండోదాని సాసా కలిపి, జంట సాసాను తీసేయాలి. 7,000, 6,500 ఉన్న రెండు ప్రోటీన్లు కలిసినప్పుడు 11,900 వస్తే కప్పబడింది 1,600. కొందరు దీన్నే చెబుతారు. కొందరు సగం చేసి 800 అంటారు, పీసా వంటి సాధనం ఇచ్చేది ఈ సగమే. పోల్చే ముందు ఇది తెలుసుకోకపోతే ఒక అతుకు మరోదానికి రెట్టింపు ఉన్నట్టు కనిపిస్తుంది. సైరస్ చోథియా, జోయెల్ జానాన్ 1970ల నుంచి ఈ కొలతతోనే ప్రోటీన్ల కలయికను అధ్యయనం చేశారు. కప్పబడే ప్రతి చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు మోల్ ఒక్కింటికి సుమారు 25 కేలరీల శక్తి లాభం ఉంటుందని చోథియా 1974లో అంచనా వేశారు. కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పినాక్ చక్రవర్తి, జానాన్‌తో కలిసి 2002లో ఇలాంటి అతుకులను నడిభాగం, అంచు అని విడదీసి చూపారు. కలయికలో పూర్తిగా కప్పబడిన పరమాణువులున్న అమైనో ఆమ్లాలు నడిభాగానికి చెందుతాయి. కొంత నీటికి అందుతూనే ఉండేవి అంచుకు చెందుతాయి.

ఫైల్‌లో లేనిది లెక్కలో ఉండదు

సాసా చుట్టూ ఉన్నవారిని బట్టి మారుతుంది కాబట్టి, ఫైల్‌లో ఎవరు లేరో కూడా చూడాలి. హిమోగ్లోబిన్‌లోనే దీనికి మంచి ఉదాహరణలున్నాయి.

ఆక్సిజన్‌తో కూడిన మానవ హిమోగ్లోబిన్ నిర్మాణం 1హెచ్‌హెచ్ఓ ఫైల్‌ను నేరుగా తెరిస్తే ఒక ఆల్ఫా, ఒక బీటా గొలుసు మాత్రమే కనిపిస్తాయి. మిగతా సగాన్ని స్ఫటిక సౌష్ఠవం నుంచి తయారు చేసుకోవాలి. చేసుకోకుండా కొలిస్తే, నిజానికి రెండు సగాల మధ్య దాగి ఉండే అమైనో ఆమ్లాలు బయట ఉన్నట్టు లెక్కకొస్తాయి. డేటా బ్యాంకు ‘జీవ సముదాయం’ పేరుతో విడిగా ఇచ్చే ఫైల్‌ను వాడితే ఈ సమస్య తప్పుతుంది.

హీమ్ మరో ఉదాహరణ. అది అమైనో ఆమ్లం కాదు కాబట్టి ఫైల్‌లో వేరే వర్గంలో ఉంటుంది. ఫ్రీసాసా వంటి కొన్ని సాధనాలు ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ వర్గాన్ని పక్కన పెట్టేస్తాయి. అప్పుడు హీమ్ కూర్చునే గూడు ఖాళీ గుహలా మారి, దాని గోడల్లోని అమైనో ఆమ్లాలు లేనిపోని సాసాతో కనిపిస్తాయి. స్ఫటికంలో స్పష్టంగా కనపడక వదిలేసిన పక్క గొలుసులున్నా, మొత్తంగా లేని వంపులున్నా ఇదే జరుగుతుంది. లేనిదానికి పొరుగున ఉన్నవి బట్టబయలైనట్టు లెక్కకొస్తాయి.

ఆల్ఫాఫోల్డ్ ఊహించిన నిర్మాణాలు 2022 జులై నాటికి 20 కోట్లు దాటాయి. విద్యార్థులు నేరుగా వాటినే తీసుకోవడం సహజం. కానీ ఆ భాండాగారంలోని మానవ బీటా గ్లోబిన్ నిర్మాణం ఒంటరి గొలుసు. అందులో హీమ్ లేదు, ఆల్ఫా గొలుసులు లేవు. దాని మీద కొలిచిన సాసా ఒంటరి గొలుసుకే వర్తిస్తుంది.

అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సికిల్‌సెల్ మార్పును సంప్రదాయంగా ఆరో స్థానం అంటారు, ప్రోటీన్ డేటా బ్యాంకు ఫైళ్లలోనూ ఆరే. గొలుసు తయారీ మొదలయ్యే మెథియోనీన్‌ను కూడా లెక్కపెట్టే యూనిప్రోట్‌లో, జన్యు నివేదికల్లో అదే ఏడో స్థానం. నివేదికలోని ఏడును నిర్మాణంలోని ఏడు మీద పెట్టి కొలిస్తే కొలిచింది పక్కవాడినే.

సాసా చెప్పలేనివి

బయట ఉండటం ఒక్కటే వ్యాధికి కారణమైతే హిమోగ్లోబిన్ సి కూడా సికిల్‌సెల్‌లా ఉండేది. అందులో మార్పు జరిగేది అదే ఆరో స్థానంలో. అక్కడ చేరేది మాత్రం విద్యుదావేశం ఉన్న లైసీన్. అది కూడా బయటే ఉంటుంది, కానీ పొరుగు అణువులోని నూనె గుంటలో ఇమడదు, సికిల్‌సెల్ తరహా పోగులు కట్టదు. ఎంత బయట ఉందన్నదానితో పాటు బయట ఉన్నది ఏమిటన్నదీ చూడాలి.

ఈశాన్య రాష్ట్రాల్లో, బంగ్లాదేశ్‌లో ఎక్కువగా కనిపించే హిమోగ్లోబిన్ ఈ మరో పాఠం చెబుతుంది. దానిలో బీటా గొలుసు 26వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసీన్ ఉంటుంది. ఆ జన్యు మార్పు వల్ల ఆర్‌ఎన్‌ఏ కత్తిరింపు దారి తప్పి బీటా గొలుసు ఉత్పత్తే తగ్గిపోతుంది. నష్టంలో ముఖ్య భాగం ప్రోటీన్ తయారు కాకముందే జరుగుతుంది. ప్రోటీన్ నిర్మాణాన్ని ఎంత జాగ్రత్తగా కొలిచినా ఇది కనపడదు.

పంజాబ్ పేరుతో పిలిచే హిమోగ్లోబిన్ డీలో మార్పు 121వ స్థానంలో, ఉపరితలం మీదే ఉంది. విడిగా అది పెద్దగా హాని చేయదు. సికిల్‌సెల్ జన్యువుతో జతపడితే మాత్రం పోగులు కట్టడాన్ని ప్రోత్సహించి తీవ్ర వ్యాధికి కారణమవుతుంది.

కదలిక ఇంకో పరిమితి. ఫైల్‌లో ఉన్నది ఒక నిలకడ చిత్రం. సికిల్‌సెల్ హిమోగ్లోబిన్‌లో ఆరో వాలీన్ ఆక్సిజన్ ఉన్నప్పుడూ బయటే ఉంటుంది, లేనప్పుడూ బయటే ఉంటుంది. పోగులు మాత్రం ఆక్సిజన్ వదిలేశాకే కడతాయి. ఎందుకంటే నాలుగు గొలుసుల అమరిక అప్పుడు మారి, అణువులు పక్కపక్కన పేర్చుకోవడానికి కుదురుతుంది. ఒక్క స్థానం సాసా చూసి ఈ తేడాను చెప్పలేం.

పూర్తిగా లోపల ఉన్న వాటి మధ్య తేడా కూడా సాసాకు అందదు. ఉపరితలానికి కాస్త కిందున్న అమైనో ఆమ్లానికీ, నట్టనడుమ ఉన్నదానికీ అది సున్నానే ఇస్తుంది. ఈ లోటును పూడ్చేందుకు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శుభబ్రత చక్రవర్తి, రాఘవన్ వరదరాజన్ 1999లో ‘లోతు’ అనే కొలతను ప్రతిపాదించారు. సాసా ఎంత బయట అని అడిగితే, లోతు ఎంత లోపల అని అడుగుతుంది.

కొలత నుంచి చికిత్సకు

ఉపరితలం మీద ఏది దేన్ని తాకుతుందో తెలియడం రోగికి ఉపయోగపడిన చోటు కూడా ఇక్కడే ఉంది. గర్భస్థ శిశువులో ఉండే హిమోగ్లోబిన్ ఎఫ్ సికిల్‌సెల్ పోగుల్లో చేరదు. దానిలోని గామా గొలుసు 87వ స్థానంలో గ్లుటమీన్ ఉండటం ఇందుకు ఒక కారణం. పెద్దల బీటా గొలుసులో ఆ చోట ఉండేది థ్రియోనీన్. 85, 88 స్థానాల మధ్యనే 87 ఉంది. వాలీన్ దిగాల్సిన గుంట పక్కనే పెద్ద పక్క గొలుసు అడ్డం పడితే అతుకు కుదరదు.

సికిల్‌సెల్ చికిత్సలో వాడే హైడ్రాక్సీయూరియా మాత్ర పనిచేసే ప్రధాన మార్గం హిమోగ్లోబిన్ ఎఫ్‌ను పెంచడమే. 2023 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన లిఫ్‌జీనియా జన్యు చికిత్స ఇదే సూత్రాన్ని నేరుగా వాడుకుంది. రోగి మూలకణాల్లోకి చేర్చే బీటా గ్లోబిన్ జన్యువులో 87వ స్థానాన్ని గ్లుటమీన్‌గా మార్చి ఇస్తారు.

అందుకే సాసాను నివేదించేటప్పుడు అంకెతో పాటు దాని షరతులనూ రాయడం మంచి పద్ధతి: వాడిన ఫైల్ సంకేతం, జీవ సముదాయమా కాదా, ఏ గొలుసులు, హీమ్ వంటివి ఉన్నాయా, నీటిని తీసేశారా, గోళం వ్యాసార్థం ఎంత, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, సాపేక్ష విలువకు ఏ పట్టిక. ఇవి ఉంటే మరొకరు అదే నిర్మాణాన్ని తెరిచి అదే జవాబు రాబట్టగలరు. లేకపోతే బీటా గొలుసు ఆరో వాలీన్ గురించి ఒకరు ‘బయట ఉంది’ అని, మరొకరు ‘కప్పబడి ఉంది’ అని రాస్తారు. వారు కొలిచిన పరిస్థితుల్లో ఇద్దరి మాటా నిజమే అవుతుంది.